బూరె ఐదో గోరు

కాకినాడలో జోగేశ్వరరావు అనే ఒకాయన ఉండేవాడు. కొత్తిమీర కట్ట కొనాలన్నా నలుగురిని అడిగితే గాని కొనేవాడు కాదు. తెలియక అడిగేవాడనుకుంటే పొరపాటు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ తప్పు తనది కాకుండా ఉంటుందని అడిగేవాడు.

ఆయనా, భార్య రత్నావళీ ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండేవారు. వాళ్లకు బూరె అనే కుక్క ఉండేది. పేరుకు తగ్గట్టే గుండ్రంగా, ఎర్రగా వేగిన రంగులో ఉండేది. అది నడిస్తే గోళ్లు గచ్చు మీద టకటకమనేవి. ఒకరోజు కింది ఫ్లాటు దమయంతి పైకి వచ్చింది.

"బాబాయిగారూ, మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే మీ బూరె మా నెత్తిమీద టైపు కొడుతోందండీ!" అంది.

జోగేశ్వరరావు అందరినీ అడిగాడు. గోళ్లు కత్తిరించమన్నారు కొందరు. రక్తం వస్తుంది, వద్దన్నారు ఇంకొందరు. గోళ్లకు రబ్బరు తొడుగులు దొరుకుతాయనీ, జిగురుతో అంటిస్తారనీ పాత సహోద్యోగి భుజంగరావు చెప్పాడు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి జోగేశ్వరరావు బూరెను కుక్కల సెలూనుకు తీసుకెళ్లాడు.

అక్కడి అమ్మాయి గోళ్ల కొసలు కత్తిరించి, ఎర్రటి తొడుగులు తొడిగింది.

"అంకుల్, ముందు కాళ్లకు లోపలి పక్కన, కాస్త పైకి ఇంకో గోరుంది. అదీ కత్తిరించమంటారా?" అని అడిగింది.

జోగేశ్వరరావు అటు చూడనైనా లేదు. భుజంగరావుకు ఫోన్ చేశాడు.

"నేలకు తగలని గోరు చప్పుడెలా చేస్తుందోయ్? వదిలెయ్," అన్నాడు భుజంగరావు.

"వదిలెయ్యమ్మా," అన్నాడు జోగేశ్వరరావు.

చప్పుడు ఆగింది. దమయంతి సంతోషించి పులిహోర పంపింది. కాని కొన్ని వారాలు గడిచాక, రత్నావళి పిఠాపురంలో అక్క ఇంటికి వెళ్లిన సమయంలో, బూరె కుంటడం మొదలుపెట్టింది. తరువాత కుడి ముందు కాలు కింద ఆనించడమే మానేసింది. గిన్నెలో అన్నం అలాగే ఉండిపోయేది.

జోగేశ్వరరావుకు కాలూ చెయ్యీ ఆడలేదు. మళ్లీ అందరినీ అడిగాడు. తొడుగులు బిగుసుకున్నాయి, తీసెయ్యమన్నారొకరు. తీస్తే గోరు కూడా ఊడొస్తుందన్నారు మరొకరు. వాచ్‌మన్ దిష్టి అన్నాడు. దమయంతి వాతం అంది. భుజంగరావు, "నటిస్తోందోయ్, పట్టించుకోకు," అన్నాడు. ఈలోగా రెండు తొడుగులు వాటంతటవే ఊడిపోయాయి. ఊడినవాటిని అంటించాలో, ఉన్నవాటిని తీయాలో ఆయనకు అర్థం కాలేదు. కాలికి నువ్వుల నూనె రాయమన్నవారూ వద్దన్నవారూ సమానంగా ఉండడంతో నూనె గిన్నె పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఏ డాక్టరు మంచివాడో ఇంకా తేలలేదు.

అది ఆషాఢమాసం. రత్నావళి అక్క ఇచ్చిన గోరింటాకుతో తిరిగివచ్చింది. ఆకు రుబ్బి రెండు చేతులకూ పెట్టుకుని కూర్చున్నాక, మంచం కిందనుంచి మూలుగు వినిపించింది.

"బూరెకేమైందండీ?"

"అదే తేలడం లేదు. ఒకరు దిష్టంటారు, ఒకరు వాతమంటారు."

"వాళ్ల సంగతి సరే, మీరు చూశారా?"

"ఏం చూడాలి?"

"దాని కాలు!"

"నువ్వోసారి చూడు," అన్నాడు జోగేశ్వరరావు.

రత్నావళి రెండు చేతులూ ఎత్తి చూపించింది. పది వేళ్లకూ పచ్చి గోరింటాకు టోపీలు.

"నా చేతులు ఖాళీ లేవు. మీవి ఉన్నాయిగా, పట్టుకోండి."

"కరిస్తే?"

"అదీ ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి," అంది రత్నావళి.

జోగేశ్వరరావు నేలమీద చతికిలబడి, బూరెను మెల్లగా ఇవతలికి లాగి, దాని కాలు చేతిలోకి తీసుకున్నాడు. తొడుగులున్న వేళ్లు నొక్కాడు. బూరె ఊరుకుంది. ఆయన బొటనవేలు లోపలి పక్కకు జరగగానే కుయ్యోమంది. కరవలేదు. ఆయన బొచ్చు పాయ తీసి చూశాడు. ఐదో గోరు కొక్కెంలా చుట్టుకుపోయి, దాని కొస కండలో దిగబడి ఉంది. చుట్టూ చీము పట్టింది.

"రత్నా, దీన్ని కత్తిరించమంటారా అని ఆ అమ్మాయి అడిగింది," అన్నాడు.

"మీరేమన్నారు?"

"భుజంగరావు వద్దన్నాడు."

"ఆయన దీన్ని చూశాడా?"

జోగేశ్వరరావు బూరెను తువ్వాలులో చుట్టి, ఎవరినీ అడగకుండా వీధి చివరి పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు గోరు కత్తిరించి, కొస బయటికి లాగి, పుండు కడిగి కట్టు కట్టాడు.

"ఈ గోరు నేలకు తగలదు, అందుకే అరగదు. పెరిగి ఇలా లోపలికి చుట్టుకుంటుంది. ఇంకొన్నాళ్లు ఆగితే కాలికే ముప్పొచ్చేది," అన్నాడు.

జోగేశ్వరరావు అక్కడే రెండో కాలి గోరు కూడా చూపించి కత్తిరింపించాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర బూరె ఆగి, కట్టు కట్టిన కాలు ఒకసారి కింద ఆనించి చూసుకుంది. జోగేశ్వరరావు వంగి ఆ కాలు చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఫోన్ మోగింది.

"ఏమోయ్, ఇంతకీ ఏం తేలింది?" అన్నాడు భుజంగరావు.

"తరువాత మాట్లాడతాను. బూరె కాలు పట్టుకుని ఉన్నాను," అన్నాడు జోగేశ్వరరావు.

మనల్ని నమ్ముకున్న ప్రాణికి నొప్పి వస్తే ముందు మన చేత్తో తాకి, మన కళ్లతో చూడాలి. చూడనివాళ్లను ఎందరిని అడిగినా సలహాలే దొరుకుతాయి గాని నొప్పి ఎక్కడుందో దొరకదు.