యాకూబ్ సరిచేసిన చాపలు

"వీళ్ళతో నా వల్ల కాదు బాబా," అన్నాడు యాకూబ్.

పెన్న ఒడ్డున రాతిగుట్ట మీద షంషుద్దీన్ బాబా ఆశ్రమం ఉండేది. చదువు అబ్బక, పనికి వంగక, ఇంట్లో తిట్లు తినే పిల్లలు ఆరుగురు పక్క పల్లెల నుంచి రోజూ అక్కడికి వచ్చేవాళ్ళు. పదిహేను, పదహారేళ్ళ వయసు. వాళ్ళకు ఈతాకు చాపలు అల్లడం నేర్పమని బాబా తన శిష్యుడు యాకూబ్‌కు అప్పగించాడు.

"ఏడాదైంది. పిలిస్తే గానీ రారు, చెబితే గానీ ఆకు ముట్టరు. ఆ జమాల్‌బీ అయితే మరీ. నాలుగు వరసలు అల్లి గోడకు జారగిలబడుతుంది."

"ఉరుసుకు చాపలు అయ్యాయా?"

"పన్నెండు సిద్ధం బాబా. చూద్దురుగాని రండి." ఈ మాట మాత్రం కాస్త హుషారుగానే అన్నాడు.

హుషారుకు కారణం ఉంది. సాయంత్రం పిల్లలు గుట్ట దిగాక యాకూబ్ ఆ చాపలు ముందేసుకుని కూర్చునేవాడు. వంకరపోయిన వరసలు విప్పి తానే మళ్ళీ అల్లేవాడు. పిల్లల పని నలుగురిలో నవ్వులపాలు కాకూడదని అతని తాపత్రయం.

బాబా పిల్లల్ని పిలిచి, చాపలన్నీ వాకిట్లో పరిపించాడు.

"జమాల్‌బీ, ఇందులో నీది ఏదమ్మా?"

ఆ పిల్ల చాపల వంకైనా చూడలేదు. "నాది లేదు బాబా."

"రెండు అల్లావు కదా?"

"అల్లినా. పొద్దున వచ్చి చూస్తే నా అల్లిక ఉండదు. ఇవన్నీ యాకూబన్నవే."

మిగిలిన ఐదుగురూ తలలు దించుకున్నారు. వాళ్ళకు తెలుసన్న సంగతే యాకూబ్‌కు ఏనాడూ తట్టలేదు.

బాబా పన్నెండు చాపలూ ఎత్తించుకుని వంటశాలకు నడిచాడు. గంజి ఉడుకుతున్న పొయ్యిలోకి ఒక్కొక్కటే తోశాడు. ఎండిన ఈతాకు భగ్గుమంది.

"బాబా!" యాకూబ్ పొయ్యి దగ్గరికి ఉరికాడు. "పది రోజుల్లో ఉరుసు! వచ్చినవాళ్ళు దేని మీద కూర్చుంటారు?"

"పిల్లల్ని అడుగు," అని బాబా వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఎవరూ ఆకు ముట్టలేదు. మూడోనాడు జమాల్‌బీ ఒక్కతే వచ్చి ఆకు నానబెట్టింది. అల్లడం మొదలుపెట్టింది. ఐదో వరస వంకరపోయింది. తలెత్తి యాకూబ్ వైపు చూసింది.

అతని వేళ్ళు కదిలాయి. "ఇవన్నీ యాకూబన్నవే" అన్న మాట చెవిలో మోగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

చూసి చూసి, ఆ పిల్లే వరస విప్పింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పింది. చివరికి విసుగ్గా అడిగింది. "అన్నా, ఇక్కడ ఆకు ఎట్ల తిప్పాల?"

ఏడాదిలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న. యాకూబ్ కంగారులో రెండుసార్లు తడబడి, నోటితోనే చెప్పాడు. మర్నాటికి మిగతావాళ్ళూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

ఉరుసునాటికి ఐదు చాపలే అయ్యాయి. ఒకదాని అంచు పాము పాకినట్టు ఉంది. ఎవరో పెద్దాయన చెప్పులతో దాని మీద కాలు పెట్టబోయాడు.

"తాతా, చెప్పులు విడువు! అది నేను అల్లింది!"

అంత గొంతు జమాల్‌బీకి ఉందని యాకూబ్‌కు తెలియదు. చేతిలో నీళ్ళ చెంబుతో అలాగే నిలబడిపోయాడు.

జనం వెళ్ళాక బాబా దగ్గరికి వచ్చాడు. "నేను చేస్తున్నది మీకు ముందే తెలుసా?"

"మొదటి నెల నుంచీ తెలుసు."

"మరి అప్పుడే ఒక్క మాట చెప్పలేదేం బాబా?"

"చెబితే, నీ వరస విప్పి నేను అల్లినట్టు కాదూ?" అన్నాడు బాబా.