కొలతల చీటీ

లాయఖ్ అలీ ఉస్తాద్ మీద శిష్యుడు నరహరికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఉస్తాద్ కాలంతో పాటు నడవడని.

జగిత్యాలలో ఒక సందులో వాళ్ల జాకెట్ల దుకాణం. ఊళ్లో సగంమంది ఆడవాళ్ల కొలతలు ఉస్తాద్ రిజిస్టర్లో ఉండేవి. అది సొరుగులో, సొరుగు తాళంలో, తాళంచెవి ఉస్తాద్ జేబులో. ఒక పేజీ కావాలంటే ఆయన నమాజ్‌నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. పదేళ్లుగా పనిచేస్తున్న శిష్యుడికి చిరాకు పుట్టదూ మరి!

నరహరి బతిమాలి బతిమాలి ఆ కొలతలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కించాడు. పాస్‌వర్డ్ పెట్టాడు. గోడమీద బోర్డు కూడా రాయించాడు. "మీ కొలతలు, ఫోన్ నంబర్లు మా దగ్గర భద్రం. బయటివారికి ఇవ్వబడవు."

ఉస్తాద్ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"బయటోళ్లంటే ఎవరు బేటా?"

"బయటోళ్లంటే బయటోళ్లే ఉస్తాద్."

ఆయన మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒక గురువారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజ్‌కి వెళ్లినప్పుడు ఒకావిడ హడావుడిగా వచ్చింది. బయట ఆటో ఆగి ఉంది.

"సువర్ణలత టీచర్ జాకెట్లు మీ దగ్గర్నే గదా కుట్టిపిస్తది? నేను ఆమె యారాలిని తమ్మీ."

యారాలంటే తోడికోడలు. వాళ్లు మంచిర్యాలలో కొత్త ఇల్లు కట్టుకున్నారట. గృహప్రవేశానికి టీచర్‌కు పట్టుచీర పెట్టాలట. పెడితే జాకెట్టు కుట్టించి మరీ పెట్టాలని ఈవిడ కోరిక.

"ఆది జాకెట్టు అడిగితే ముందే తెలిసిపోతది. కొలతలు రాసియ్యి, మా ఊరి టైలర్‌తోని కుట్టిపిస్త. మా సువర్ణ మొఖం చూడాలె ఆ రోజు!"

ఎంత మంచి మనసు! నరహరి పొంగిపోయాడు. పేరు కొట్టాడు, ప్రింటు తీశాడు, చీటీ చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఉస్తాద్ రాగానే అదే గొప్పగా చెప్పాడు.

"చీటీల ఏమేం ఉన్నయ్?" అన్నాడు ఉస్తాద్.

"అన్నీ ఉన్నయ్. ఒక్క అక్షరం పోలే."

ఉస్తాద్ చేతిలోని కత్తెర కింద పెట్టాడు. "కింది వరుస కూడానా?"

నరహరికి అప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట టీచర్‌కు పెద్ద ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము తీసేశారు. అప్పట్నుంచి ఉస్తాద్ భార్య ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లి కొలిచేది. ఉస్తాద్ ఎడమవైపు దూది పొర పెట్టి, చూసేవాళ్లకు తేడా తెలియకుండా కుట్టేవాడు. ఆ సంగతి టీచర్ భర్తకు, ఈ దుకాణానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. కొలతల కింద ఒక్క వరుస మాత్రం ఉండేది. "ఎడమవైపు ఆపరేషన్. లోపల దూది, రెండు అంగుళాలు." దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించింది నరహరి చేతులే. ఎనిమిది వందల పేర్లలో ఒక వరుస, ఎక్కించాడు, మరిచిపోయాడు.

బస్టాండుకు పరుగెత్తాడు. మంచిర్యాల బస్సు అప్పుడే వెళ్లిపోయింది. నోరు జారితే తీసుకోలేమంటారు. చీటీ జారినా అంతే.

చెమటలు కక్కుకుంటూ వెనక్కి వచ్చేసరికి ఉస్తాద్ టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "తప్పు మా దుకాణంది అమ్మా" అంటున్నాడు. ఫోన్ కట్టయింది.

మర్నాడు పొద్దున్నే టీచర్ వచ్చింది. బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు తమ వంతుకోసం కూర్చుని ఉన్నారు. వాళ్లకు వినపడకుండా ఉస్తాద్ బల్ల దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో మాట్లాడింది.

"మా యారాలు చీటీ చూసి ఫోన్ చేసింది చాచా. ఏడ్చింది గూడ, పాపం. రాత్రికి మా అత్తకు తెలిసింది. పొద్దుగాల మా ఆడబిడ్డకు. ఆదివారం అందరు కలిసి చూసిపోతందుకు వస్తున్నరు."

ఉస్తాద్ తల దించుకున్నాడు.

"రెండేండ్లు ఎవ్వరి ముందటా కొంగు సర్దుకోకుంట తిరిగిన. ఇగ ఎవరొచ్చినా ముందుగాల నా మొఖం చూడరు."

కుట్టడానికిచ్చిన రెండు ముక్కలూ తిరిగి అడిగింది. ఉస్తాద్ రెండు చేతులతో అందించాడు. సొరుగు తెరిచి, ఆమె పేజీ చింపి అదీ ఇచ్చాడు. ట్యాబ్‌లోది ఆమె చూస్తుండగానే నరహరితో తీసేయించాడు. టీచర్ నరహరి వైపు ఒక్కసారైనా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

తిట్టినా బాగుండేది. చూడకపోవడం నరహరికి ఎక్కడో తగిలింది. సిగ్గుతో ఉన్న మనిషికి కోపం ఊరికే వస్తుంది కదా, వచ్చింది.

"నేనేమన్న బయటోళ్లకు ఇచ్చిన్నా ఉస్తాద్? సొంత యారాలు! చీర పెడ్తానని వచ్చింది. ఉన్నదే ఇచ్చిన, లేంది రాయలే గదా!"

ఉస్తాద్ మెడలోని టేపు తీశాడు.

"ఇట్ల నిలబడు."

నరహరికి అర్థం కాలేదు గానీ నిలబడ్డాడు. ఉస్తాద్ భుజం కొలిచి, సందంతా వినపడేలా చదివాడు. "భుజం పదిహేడు!"

బెంచీ మీదివాళ్లు తలలెత్తారు.

"చెయ్యి ఇరవై మూడున్నర!"

"పెండ్లి బట్టలా తమ్మీ? మాకు చెప్పనే లేదు" అని ఒకావిడ నవ్వింది. నరహరి కూడా వెర్రినవ్వు నవ్వాడు.

టేపు ఛాతీ చుట్టూ తిరిగింది. ఉస్తాద్ గొంతు ఇంకా పెద్దదైంది. "ఛాతీ ముప్పై రెండు! ముందుపక్క లోపల..."

"ఉస్తాద్!"

నరహరి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పుట్టుకతోనే అతని రొమ్ము మధ్య అరచేయి పట్టేంత గుంట ఉంది. అతని చొక్కాలన్నీ ఉస్తాదే కుడతాడు, ముందువైపు రెండు పొరల కాన్వాసు వేసి. నరహరి ఎండాకాలంలో కూడా ఎవరిముందూ చొక్కా విప్పి ఎరగడు.

"ఆపుండ్రి ఉస్తాద్. మీకు దండం పెడ్త. ఆపుండ్రి."

ఉస్తాద్ వెంటనే ఆపేశాడు. టేపు చుట్టి మెడలో వేసుకున్నాడు. బెంచీ మీదివాళ్లు ఏమైందని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఉస్తాద్ నరహరి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అతనికి మాత్రమే వినపడేలా అన్నాడు.

"నువ్వు ఈడ ఉన్నవ్ బేటా, ఆపమన్నవ్. నిన్న ఆ తల్లి ఈడ లేకుండె."