మడిచిన విస్తళ్ళు

సర్వమంగళమ్మకు ఉన్న దిగులల్లా ఒకటే. నంజుండయ్య స్వామి కన్నుమూస్తే ఆ గుమ్మడికాయ పులుసు కూడా ఆయనతోనే పోతుంది.

ఊరికే పుట్టిన దిగులు కాదది. స్వామికి డెబ్బై తొమ్మిదేళ్ళు. నలభై ఏళ్ళుగా నీలకంఠగిరి మఠంలో పొయ్యి ఆయనదే, గరిటె ఆయనదే. రోజూ మధ్యాహ్నం నూటయాభై, నూటఅరవై మంది పంక్తిలో కూర్చుంటారు. కొండెక్కి వచ్చిన యాత్రికులు, కింద క్వారీలో రాళ్ళు కొట్టే కూలీలు, ఇంకే దిక్కూ లేనివాళ్ళు. ఇంతమందికి వండే మనిషి దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. ఉప్పెంత, పులుపెంత అని అడిగితే "ఏదో వేస్తాను తల్లీ" అనేవారు. ఆ మాట వింటే సర్వమంగళమ్మకు ఒళ్ళు మండేది.

మండదూ మరి! ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో గృహవిజ్ఞానం చెప్పిన మనిషాయె. భర్త పోయాక, పిల్లలూ లేక, ఇంటికి తాళం వేసి మఠానికి వచ్చింది. స్వామి కాళ్ళకు దండం పెట్టి, మంత్రం అడగలేదు, ఉపదేశం అడగలేదు. "నాకు వంట నేర్పండి" అంది. స్వామి ఆమెను కాసేపు చూసి, మూలనున్న కత్తిపీట చూపించారు.

మూడేళ్ళు ఆయన పక్కనే నిలబడింది. ఉప్పుకూ కారానికీ స్వామి వాడేది ఒక పాత కొబ్బరిచిప్ప. ఆయన చిప్ప ముంచడం ఆలస్యం, ఈవిడ అందుకుని త్రాసులో తూచి, పుస్తకంలో రాసుకుని, అప్పుడు గుండిగలో పడనిచ్చేది. పొయ్యి మీద పులుసు తెర్లుతుంటే గడియారం చూసేది. స్వామి ఏనాడూ విసుక్కోలేదు. గరిటె పట్టుకుని, ఆమె రాసుకునేదాకా ఆగేవారు.

ఆ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వండేవాళ్ళు అసలే చూడకూడదు. నాలుక మీద చుక్క వేసుకోకుండా నూటఅరవై మందికి వండి, రోజూ అదే రుచి తేవడం మాటలా? సర్వమంగళమ్మకు అదే అబ్బురం. పుస్తకం ముందుమాటలో ఆ సంగతే ఒకటిన్నర పేజీ రాసింది.

అవును, ఆ రాతంతా పుస్తకమైంది. రెండు వందల పేజీల వంటల పుస్తకం. ప్రతి వంటకూ చిప్పల్లోనూ గ్రాముల్లోనూ కొలతలు, మంట ఎంత ఉండాలి, ఎన్ని నిమిషాలు ఉడకాలి, అన్నీ ఉన్నాయి. నూటఅరవై మందికి ఎంత, నలుగురికి ఎంత అని వేరువేరుగా కూడా రాసింది. పట్నం నుంచి ప్రెస్సు రవూఫ్ సాబ్ వచ్చి రాతప్రతి పట్టుకుపోతానని కబురు చేశాడు.

ఆ పొద్దున ఆమె స్వామి ముందు నిలబడింది.

"స్వామీ, నా తరవాత ఈ లోకంలో నాదంటూ మిగిలేది ఈ పుస్తకమొక్కటే. ఇందులో తప్పుంటే నేను బతికిందంతా తప్పే. ఇవాళ మీరు పొయ్యి దగ్గరికి రావద్దు. నేను పుస్తకం చూసి వండుతాను. మీరు పంక్తిలో కూర్చుని తినండి. మీ వంటకూ దీనికీ రవ్వంత తేడా ఉందని మీరంటే చాలు, అచ్చుకు ఇవ్వను."

"తేడా నేను చెప్పలేనేమో తల్లీ" అన్నారు స్వామి.

ఆవిడ దాన్ని పొగడ్త అనుకుంది. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి, దాపరికమెందుకు!

వంట మొదలైంది. పుస్తకాన్ని కిటికీలో తెరిచిపెట్టుకుంది. గుమ్మడికాయ ముక్కలు తూచింది. సామాను గదిలో చింతపండు జాడీ అడుగంటితే, భక్తులెవరో ఇచ్చిపోయిన కొత్త జాడీ మూత తీసి, తూచి, నానబెట్టింది. ఉప్పు తూచింది. కారం, బెల్లం తూచింది. తాలింపు కూడా గడియారం చూసే పెట్టింది. పులుసు రంగు అదే, చిక్కదనం అదే, ఘుమఘుమ అదే. నైవేద్యం పెట్టి చేతులు జోడించింది. మూడేళ్ళలో ఎన్నిసార్లు జోడించినా, దేవుణ్ణి ఆమె నిజంగా ఏదైనా అడిగింది ఆ రోజే.

మొదటి విస్తరి స్వామిది. ఆయన పులుసు కలుపుకున్నారు. ఎప్పట్లాగే తల వంచుకుని, తొందరపడకుండా, మెతుకు మిగలకుండా తిన్నారు. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది సర్వమంగళమ్మ. ఎక్కడా చిన్న ముడత పడలేదు. విస్తరి తుడిచినట్టు చేసి లేచారు.

ఆవిడ గుండె కుదుటపడింది. వరస వెంట వడ్డిస్తూ పోయింది. చెయ్యి కడుక్కోవడానికి లేచిన వాళ్ళను ఒక్కొక్కరినే అడిగింది కూడా.

"ఎలా ఉందయ్యా?"

"అమృతం తల్లీ!"

"స్వామివారి చేతి వంటే, వేరే చెప్పాలా!"

"కడుపు చల్లగుండాదమ్మా."

ఆనందం పట్టలేక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికే రవూఫ్ సాబ్ వచ్చి వరండాలో కూర్చుని, రాతప్రతి పేజీలు తిప్పుతున్నాడు. ఇక వెళ్ళి దానికి దారం కట్టి ఇచ్చేయడమే తరువాయి.

స్వామి ఎదురొచ్చారు. ఆయన చేతిలో వెదురుగంప ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"ఇవాళ వండింది నువ్వు. ఆకులెత్తేదీ నువ్వే."

ఎంగిలి విస్తళ్ళు స్వామి స్వయంగా ఎత్తుతారని ఆమెకు తెలుసు. పెద్దల వినయం అనుకుంది. ముందుమాటలో దాని గురించి కూడా రెండు వాక్యాలు రాసింది. అయితే ఆ వేళకు తను మాత్రం ఏనాడూ అక్కడ లేదు. చూసింది మరిచిపోకముందే రాసుకోవాలని గదికి పరుగెత్తేది. మూడేళ్ళూ అంతే.

గంప పట్టుకుని వరస మొదటికి వెళ్ళింది. విస్తళ్ళన్నీ పద్ధతిగా సగానికి మడిచి ఉన్నాయి. స్వామి విస్తరి దాటి మొదటిది ఎత్తింది. బరువుగా ఉంది. మడత విప్పుకుంది. లోపల పులుసు కలిపిన అన్నం, ముద్దకు ముద్ద అట్లాగే ఉంది.

పక్కది విప్పింది. అందులోనూ అంతే. దాని పక్కది. ఆ పక్కది. ఒక విస్తరిలో పులుసన్నాన్ని పక్కకు నెట్టి, అంటని తెల్లమెతుకుల్ని ఏరుకు తిన్నారెవరో. ఇంకొకదాంట్లో పసిపిల్లలకు కలిపిన చిన్నచిన్న ముద్దలు, కొరికి వదిలేసినవి. మజ్జిగ మాత్రం ఎక్కడా చుక్క మిగల్లేదు.

మఠంలో పెట్టింది ప్రసాదం. ప్రసాదాన్ని బాగాలేదని ఎవరంటారు? నోరారా అమృతమని చెప్పి, తినలేనిదాన్ని ఆకు మడిచి దాచిపెట్టి పోయారు పాపం.

సర్వమంగళమ్మ నేల మీద కూలబడింది. ఎంగిలని కూడా చూడలేదు, ఆ ముద్దల్లో ఒక మెతుకు నోట్లో వేసుకుంది. ఉప్పు! నాలుక మీద నిలవని ఉప్పు!

లేచి సామాను గదిలోకి పరుగెత్తింది. కొత్త జాడీలో చెయ్యి పెట్టింది. చింతపండు తడితడిగా, నల్లగా ఉంది. నాలుక మీద పెట్టుకుంటే తెలిసింది. ఎవరో ఇల్లాలు ఏడాదంతా నిలవుండాలని కల్లుప్పు వేసి తొక్కిన చింతపండు అది. తన ఇంటి జాడీని అట్లాగే తెచ్చి మఠానికి ఇచ్చిపోయింది. పుస్తకంలో చింతపండు కొలత సరైందే. ఉప్పు కొలతా సరైందే. దేన్నని కొట్టేయాలి?

ఆమె తిరిగొచ్చేసరికి స్వామి విస్తళ్ళ దగ్గరే ఉన్నారు, గోడకు చేరగిలబడి.

"మొత్తం తిన్నారే స్వామీ!" అంది. "ఒక్క మాట చెప్పకూడదా? ఇంతమంది ఆకలి కడుపులతో పోయారే! నా పరువు పోతే పోయింది, వాళ్ళేం పాపం చేశారు?"

"నాకు తెలియలేదమ్మా."

"తెలియకపోవడమేంటి! నోట్లో పెట్టుకుంటే కక్కుకునేటంత ఉప్పు!"

"విషజ్వరం వచ్చి మూడు వారాలు పడున్నాను ఒకసారి. దాంతో నాలుక పోయింది. పదకొండేళ్ళవుతోంది. నాకు బెల్లమూ ఒకటే, వేపాకూ ఒకటే."

సర్వమంగళమ్మ లెక్క వేసుకుంది. పదకొండేళ్ళు. తను వచ్చింది మూడేళ్ళ కిందట. రుచి తెలియని మనిషి పక్కన నిలబడి మూడేళ్ళు రుచి రాసుకుంది.

"మరి రోజూ... అంతమందికి..."

స్వామి ఒక విస్తరిని తన వైపు లాక్కున్నారు. మడత విప్పి, ఎంత తిన్నారు, ఎంత వదిలారు, ఎటు నెట్టారు అని నిదానంగా చూసి గంపలో వేశారు. ఇంకొకటి తీసుకున్నారు.

"నువ్వు నా చేతిని చూస్తుంటివి" అన్నారు. "నేను వీటిని చూస్తుంటిని."

"అయితే ఇవాళ మీరు వండి ఉంటే ఇలా జరిగేది కాదు."

"ఎందుకు జరగదు? జాడీ మారిన సంగతి నాకేం తెలుసు. ఇవాళ నేనూ తప్పేవాణ్ణే." విస్తరిని గంపలో వేశారు. "రేపు తప్పను."

ఇద్దరూ కలిసి ఎత్తుతూ పోయారు. వాకిలి పక్కన, వరస చివర, ఒక విస్తరి మిగతావాటికన్నా బరువుగా ఉంది. సర్వమంగళమ్మ విప్పి చూసింది. పెట్టింది పెట్టినట్టే ఉంది. అంచున ఒక్క ముద్ద మాత్రం తరిగింది.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు స్వామీ?"

"ఓబులేసు. క్వారీలో రాయి ఎగిరి కన్ను పోయింది, పనిలోంచి తీసేశారు. రోజుకు ఈ ఒక్క పూటే." ఆయన తలెత్తలేదు. "మజ్జిగ వాడికి పడదు."

మూడేళ్ళుగా ఆ వాకిలి పక్కన వంగి వడ్డించింది ఆమె. ఆ మనిషి పేరు తెలియదు. కన్ను లేదని కూడా తెలియదు. అతని ఆకులో ఎన్ని గ్రాములు పడిందో మాత్రం తెలుసు. ఆ సిగ్గు ఆమెను అక్కడ నిలవనీయలేదు.

వంటింట్లోకి వెళ్ళింది. అన్నం గుండిగ అడుగున ఉన్నదంతా గిన్నెలోకి తీసి, మాపటికని పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు పోసి, నెయ్యి వేసి, మూత పెట్టుకుని బయటపడింది. రవూఫ్ సాబ్ "అమ్మా, ఒక్క సందేహం..." అంటూ లేచాడు. ఆమె ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో కొండమెట్లు దిగుతూ పోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ పరుగేమిటి!

ఓబులేసు చివరి మెట్టు దగ్గర ఉన్నాడు. కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు. తాగి, ఆగి, మళ్ళీ తాగుతున్నాడు.

"ఎందుకమ్మా ఈ ఎండలో!" అన్నాడు ఆమెను చూసి కంగారుగా.

"నువ్వు తినలేదు నాయనా."

"తింటిని కదమ్మా. పులుసు శానా బాగుండాది. కడుపు నిండిపాయె."

ఆమె మెట్టు మీద గిన్నె పెట్టి మూత తీసింది. నెయ్యి వాసన తగలగానే అతని మొహం మారింది. ఇంకేం అనలేదు. చేతులు లాల్చీకి తుడుచుకుని కూర్చున్నాడు.

అతను తింటున్నంతసేపూ సర్వమంగళమ్మ ఎదురుగా కూర్చుని చూసింది. త్రాసు లేదు, గడియారం లేదు. మొదట గబగబా నాలుగు ముద్దలు. తరవాత నిదానం. నడిమధ్యలో వేళ్ళతో ఏదో వెతికి, లేదని తెలిసి, సరిపెట్టుకున్నాడు. ఊరగాయ బద్ద కాబోలు. ఆమెకు ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దారినపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

"ఏడవాకమ్మా" అన్నాడు ఓబులేసు. "ఏమైంది?"

"ఏం లేదు. తిను నాయనా."

ఖాళీ గిన్నెతో మళ్ళీ కొండెక్కేసరికి ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రవూఫ్ సాబ్ ఇంకా వరండాలోనే ఉన్నాడు. పని తెలిసినవాడు, ఈలోపు రాతప్రతిలో సగం చదివి, అనుమానమున్నచోటల్లా పెన్సిలుతో గీత పెట్టాడు.

"అమ్మా, రాత బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటి చెప్పండి చాలు, రేపే అచ్చుకు ఎక్కిస్తాను" అన్నాడు. "గుమ్మడికాయ పులుసులో ఉప్పు ఒకచోట రెండు చిప్పలని ఉంది, కింద రెండున్నర అని ఉంది. ఏది ఉంచమంటారు?"

సర్వమంగళమ్మ ఆ పేజీ వంక చాలాసేపు చూసింది.

"తినేదెవరు సాబ్?" అంది.