చలిగుట్ట పందిరమ్మ తల్లికి తెల్లసాక

చలిగుట్ట దగ్గర బస్సు దిగిన యాత్రికులు ముందుగా గోపురం కోసం తలెత్తి చూస్తారు. ఇక్కడ గోపురం లేదు. దారి అడిగితే ఊరివారు కూడా పొగమంచు ఎటు చిక్కగా ఉందో అటు నడవమంటారు. అలా ఎర్రమట్టి బాటన పావుగంట నడిస్తే నిలువుగా పాతిన రాతి కడీల మీద అల్లుకున్న ద్రాక్షపందిరి ఎదురవుతుంది. ఆ పందిరి కిందనే నడుమెత్తు నల్లరాయిలో అమ్మవారు కొలువై ఉన్నారు. ఎండ ఆకుల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగి, అమ్మవారి పసుపు మీద కదులుతూ ఉంటుంది. తోట ఒకే కుటుంబానిది. పూజ చేసేదీ, తీగలు కత్తిరించేదీ ఆ ఇంటివారే.

ఊరమ్మలకు ధారగా పోసే కల్లును సాక అంటారని అందరికీ తెలిసిందే. పందిరమ్మ తల్లికి మాత్రం ఈతకల్లు పోయరు. ఈ తోట పండ్లతో చేసిన ద్రాక్షకల్లే పోస్తారు. అది తేటగా, లేతగడ్డి మీద ఎండ పడిన రంగులో ఉంటుంది. పట్నంవారు దీనిని వైట్ వైన్ అంటారు, ఊరివారు తెల్లసాక అంటారు. నాలుకకు తగలగానే పుల్లగా చురుక్కుమంటుంది. ఆ తరువాత తెల్లవారుజాము గాలి మింగినట్టుంటుంది.

ఇది ఏ రాజు ఏలుబడిలో మొదలైందని అడిగితే ఈ పుస్తకం కూర్చినవాడికి తెలియదు. అతడు బడికి పోయిన రోజుల కంటే పోతున్నానని ఇంట్లో చెప్పిన రోజులే ఎక్కువ. తోటలోని పెద్దలు చెప్పినది చెప్పినట్టు రాయడం వరకే అతడి పని.

పూర్వం ఇక్కడ కాశప్ప అనే రైతు ఉండేవాడు. నిద్రలో ఘనుడు. నాగలి పట్టుకొని నిలబడే కునుకు తీసేవాడనీ, సాలు చివర ఎద్దులే చూసుకొని మళ్ళేవనీ చెబుతారు. మేలుకొని ఉన్నప్పుడు కూడా అతడి కళ్ళలో ఎక్కడో దూరాన మబ్బు పడుతున్నట్టుండేది. అతడికి ప్రాణం కంటే ఎక్కువైనది ఒక్కటే, తల్లి నాగిందమ్మ నాటిన నలభై ద్రాక్షతీగలు. ఎవరో బాటసారి ఇచ్చిన కొమ్మలను ఆమె తడిగుడ్డలో చుట్టి తెచ్చి, కుండలతో నీళ్ళు మోసి బతికించింది. ఆమె పోయాక కాశప్ప ఆ తీగల కింద కూర్చుంటే తల్లి ఒడిలో ఉన్నట్టే ఉండేదట. అందుకే అక్కడ మరింత నిద్ర వచ్చేది.

ఏటా జాతరకు ఇంటికొక సాక పోవాలి. కాశప్ప పండ్లు బాగా మాగనిచ్చి, నలిపి, బెల్లం కలిపి, కుండను ఎండలో పెట్టి పడుకునేవాడు. లేచేసరికి అది ముక్కు పగిలే పులుసు అయ్యేది. మూడేళ్ళు అదే వరస. తోట మీద సమాన హక్కున్న అన్న సిద్రామప్ప ఒకనాడు పందిరి కిందికి వచ్చాడు.

"తమ్మీ, నీ సాక మనిషి తాగలే, అమ్మ ఒప్పలే. బర్రెకు పోస్తే అది నా మొకం దిక్కు చూసింది. ఈ జాతరకు గూడ ఒప్పకపోతే తీగలు కొట్టి చెరుకు పెడ్త" అన్నాడు.

"అమ్మ నాటింది గదన్నా."

"అమ్మనే నన్ను గూడ కన్నది. నేను చెరుకు నాటుత."

కాశప్పకు ఆ మాటతో మూడు రోజులు నిద్ర పట్టలేదు. అతడు జీవితంలో అంత పెద్ద జబ్బు అదివరకు ఎరగడు. నాలుగో రోజు తెల్లవారుజామున మంచు గుట్ట దిగి తోట నిండా పరుచుకున్నప్పుడు, కడీకి ఆనుకొని కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు.

కలలో పందిరి కింద ఒక ముసలామె నడుస్తున్నది. తెల్లచీర ఎక్కడ ముగుస్తుందో, మంచు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఆమె ఒక్కొక్క గుత్తినీ చేత్తో నిమురుతూ వస్తున్నది. తల్లి నాగిందమ్మేమో అనుకున్నాడు, కానీ ఆమె పాదాలు నేలకు ఆనడం లేదు.

"దూప అయితుంది కాశప్పా, గొంతు ఎండుతుంది" అన్నది ఆమె. "ఊరంత బెల్లం కలిపిన తియ్యటి కల్లు పోసిపోసి నా నోరు మొద్దువారింది. పుల్లగ, చల్లగ ఇంత ఇయ్యి."

"పండ్లు ఇంక మాగలే తల్లీ."

"మాగినంక నాకెందుకు?"

కలలో కాశప్ప కొడవలి తీసుకున్నాడు. గుత్తులు చల్లగా, మంచు కారుతూ, వాటంతటవే అరచేతిలోకి వచ్చి వాలుతున్నాయి. అతడు కోస్తున్నాడు, ఆమె ముందు నడుస్తున్నది, కాలానికి తొందర లేదు. నలభయ్యో తీగ దగ్గర ఆమె మంచులో కలిసిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా భార్య చంద్రవ్వ ఉన్నది. చుట్టూ పదకొండు గంపల పచ్చి కాయలు. పందిరి మీద ఆకులు తప్ప ఏమీ మిగలలేదు. పంట పక్వానికి రావడానికి ఇంకా పదిహేను రోజులున్నాయి.

"మేలుకోని ఏ పని జెయ్యవు. నిద్రల జేస్తివా, గిట్ల జేస్తివి" అన్నది చంద్రవ్వ. ఒక కాయ కొరికి ముఖం ముడుచుకుంది.

కాశప్ప కల చెప్పాడు. ఆమె అంతా విని, "అమ్మ గంపలు గూడ మోసిపెట్టి పోతే బాగుండు" అని తానే ఒకటి తలకెత్తుకుంది.

ఆ పుల్లటి రసానికి బెల్లం దండగని చంద్రవ్వ ఒక్క ముక్క కూడా వేయనివ్వలేదు. తొక్కలు రసంలో నాననీయకుండా అప్పుడే పిండేసి, ఆ పిప్పిని బర్రెలకు వేసింది. కుండలు ఇంట్లో పెట్టనివ్వలేదు, వాసనకు బావగారు సిద్రామప్పకు తెలుస్తుందని. కాశప్ప వాటిని గుట్ట నెర్రెలో, నీరు ఊరే తడి ఇసుకలో మెడదాకా పాతాడు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి. మామూలుగా వారంలో పొంగి చల్లారే రసం, ఆ చలికి నలభై రోజులు నిద్రలో గొణిగినట్టు సన్నగా గొణిగింది. కాశప్ప రోజూ చెవి ఆనించి వినేవాడు. అది తనకు అర్థమయ్యే భాషేనని చంద్రవ్వతో అన్నాడట.

ఉగాది దాటిన మంగళవారం జాతర. ఆ కాలంలో అమ్మకు నిలకడైన చోటు లేదు. దేవతకు అంకితమై పూనకం వచ్చే శివసత్తు మాణిక్యవ్వను పూని ఇల్లిల్లూ తిరిగి సాక అందుకునేది. సిద్రామప్ప గొడ్డలి భుజాన వేసుకొని తోట వాకిట నిలబడ్డాడు. డప్పుల మధ్య, జుట్టు విరబోసుకొని, ఊగుతూ మాణిక్యవ్వ వచ్చింది. కాశప్ప కుండ వంచాడు. తేటగా ఉన్న ధార చూసి "నీళ్ళు పోస్తుండు" అని ఎవరో నవ్వారు.

ఆమె దోసిలి పట్టి తాగింది. ఊగడం ఆగిపోయింది. డప్పులవాళ్ళు ఏం చేయాలో తెలియక కొట్టడం ఆపారు. మాణిక్యవ్వ కళ్ళు సగం మూసుకొని, పందిరి కింద నెమ్మదిగా కూర్చున్నది. ఆకులు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. కాశప్ప అన్నవైపు చూశాడు. అన్న గొడ్డలి దించి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకింత పొయ్యి బిడ్డా" అన్నది ఆమె.

పోశాడు. తాగి, రాతి కడీకి వీపు ఆనించింది. "ఈడ నీడ బాగుంది. తిరిగి తిరిగి కాళ్ళు గుంజుతున్నయి. ఇగ నేనేడికీ పోను. ఈ పందిరి పీకినోడు నన్ను లేపినట్టే."

అమ్మను నిద్ర లేపే సాహసం ఎవరికుంటుంది. సిద్రామప్ప గొడ్డలిని కడీకి ఆనించాడు. "అమ్మకు పోసినంక అడుగున ఏమన్న మిగిలిందా?" అని అడిగాడు. కాశప్ప దోసిట్లో పోశాడు. సిద్రామప్ప తాగి పందిరి వైపు చూశాడు. "అమ్మ చెయ్యి" అన్నాడు. ఏ అమ్మ అని ఎవరూ అడగలేదు.

ఆమె కూర్చున్న చోట ఇప్పటి నల్లరాయిని ప్రతిష్ఠించింది ఆ అన్నదమ్ములే. నాటి నుండి తల్లికి పందిరమ్మ అనే పేరు స్థిరపడింది.

నేటికీ ఈ తోటలో పండ్లు పక్వానికి పదిహేను రోజుల ముందే, మంచు వీడకముందే కోస్తారు. బెల్లం తగలనివ్వరు. తీర్థం తీసుకున్న భక్తులు పందిరి కింద ఒక కునుకు తీయడం ఆచారం. నిద్ర పట్టనివారికి, తల్లిని పోగొట్టుకున్నవారికి ఇక్కడ మంచి నిద్ర పడుతుందని నమ్మకం. బండి నడిపేవారికీ, పిల్లలకూ పచ్చి ద్రాక్షరసమే ఇస్తారు, ఫలంలో తేడా లేదు.

జాతరనాడు సిద్రామప్ప వంశంలో పెద్దవారు గొడ్డలితో వాకిట నిలబడి "కొట్టాల్నా?" అని అడగాలి. కాశప్ప వంశంవారు మాట్లాడకుండా ఒక గిన్నెడు పోయాలి. గొడ్డలి కింద పెట్టాకే మిగతా భక్తులకు తీర్థం. పోయిన ఏడాది ఆ పెద్దాయన గొడ్డలి ఇంట్లో మరిచి వచ్చారు. తోట చూసే కాశప్ప వంశంవారే తమది ఒకటి తెచ్చి చేతికిచ్చారు. గిన్నె మాత్రం ఆయన వెంట తెచ్చుకున్నారు.