"త్వరలో" అన్న పేజీ

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పడం విమలానందస్వామి వారికి అలవాటు లేదు. అడిగినవాడు మరిచిపోయాక ఎప్పుడో, బట్టలారేస్తూనో మొక్కలకు నీళ్లు పోస్తూనో చెప్పేవారు. శిష్యుడు ఉమాపతికి మాత్రం ఆ రోజే జవాబు కావాలి, అదీ కాస్త మెచ్చుకోలుతో కలిపి కావాలి. వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వేసవంతా కూర్చుని వెబ్‌సైటు తయారుచేశాడు మరి!

స్వామివారి ముందు ల్యాప్‌టాప్ పెట్టి ఓపిగ్గా విడమరిచాడు. పైన పట్టీలో ఉన్నది సైటు పేరు. ఆ పేరు కొట్టినవాళ్లు ఇక్కడికి చేరతారు. తెరవగానే కనిపించేది మొదటి పేజీ. దాని నెత్తిన వరసగా ఉన్న మాటలు మెనూ. ఏది నొక్కితే ఆ పేజీ వస్తుంది. ఒకదాంట్లో ఆశ్రమ చరిత్ర, ఒకదాంట్లో ప్రవచనాలు, ఒకదాంట్లో ఫోటోలు. మొదటి పేజీలో స్వామివారి బొమ్మ మీద గులాబీ రేకులు రాలుతూనే ఉంటాయి. అవి ఒద్దికగా రాలడానికే నెల పట్టిందని ఉమాపతి మురిసిపోయాడు.

అన్నిటికన్నా కింద "సంప్రదించండి" అని ఉంది. నొక్కితే "త్వరలో" అన్న ఒక్క మాట వచ్చింది.

"అది చిటికెలో పని స్వామీ. చిరునామా, ఫోన్ నంబరు పెట్టడమే. తీరిగ్గా పెడతాను," అని, ఉమాపతి అసలు ప్రశ్న అడిగాడు. "ఇన్ని భాగాల్లో ప్రధానమైనది ఏదంటారు?"

స్వామివారు కళ్లద్దాలు తుడుచుకుని ఊరుకున్నారు. సైటు లోకానికి తెరుచుకుంది. ఉమాపతి ఆ తర్వాత రేకుల రంగు మార్చాడు, వెనకాల వీణానాదం చేర్చాడు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కదిరి వైపు నుంచి ఓబుళమ్మ అనే ఆవిడ చేతిసంచితో వచ్చింది.

"మా తమ్ముడు చెండ్రాయుడు ఈడనే ఉండాడు కదా సామీ? ఫోటోలో వంకాయలు తరుగుతా ఉండాడు. ఇంట్లో మాటామాటా అనుకోని పోయినోడు, ఏండ్లయిపాయ. పుణ్యనది ఒడ్డున అని రాసినారు గానీ ఏ నదో రాయలేదు. ఆ కిందిది దినామూ నొక్కితి. త్వరలో అంటాది. సరే, త్వరలో చెప్తారులే అనుకుంటి. కడాకు మా ఊరి లారీ డ్రైవరు ఫోటోలో వంతెన చూసి గుర్తుపట్టె."

చెండ్రాయుడు జ్వరంతో చనిపోయి పక్షం రోజులు కూడా కాలేదు. ఎవరడిగినా ఊరి పేరు చెప్పని ఆ మనిషే ఫోటో తీయించుకుని, "ఇది మా పక్క గూడా కనపడతాదా?" అని అడిగాడు. కనపడుతుందని ఉమాపతి గొప్పగా చెప్పాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వచ్చి, "నాకేమన్నా ఫోన్ వచ్చిందా?" అనేవాడు. లేదని చెబితే నవ్వేసి కూరలు తరగడానికి పోయేవాడు.

ఆ కబురు స్వామివారే చెప్పారు. ఓబుళమ్మ తమ్ముడు కూర్చునే చోటు చూపించమంది. కత్తిపీట పక్కన కూలబడి, ఏడ్చి ఏడ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఉమాపతి స్వామివారి కాళ్ల మీద పడ్డాడు. "పాపం చేశాను స్వామీ. ఆ పేజీ ఇప్పుడే పూర్తిచేస్తాను."

"నేనూ చూసి ఊరుకున్నవాడినే," అన్నారు స్వామివారు. "పూర్తిచెయ్యి నాయనా. ఇంకా ఎవరెవరు నొక్కుతున్నారో."