అయిదో కొమ్ము

కాలవగట్టు దిగగానే ఒక చిన్న పెంకుల ప్రార్థన మందిరం. దాని వెనక తాటాకు పాక, పాక ముందు వాకిలి, వాకిట్లో ఓ పక్కగా గడ్డివామి. ఆ పాకలో దీనమ్మ అనే ముసలి గాడిద ఉండేది. బట్టల మూటలు మోసి మోసి నడుం వంగిపోయింది గానీ మాట మాత్రం మెత్తన.

దీనమ్మకు చదువు రాదు. అయినా ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం మందిరం కిటికీ పక్కన నిలబడి, లోపల పిల్లలకు చెప్పే పాఠాలన్నీ చెవిన వేసుకుంది. దేవుడు ఆమెకిచ్చిన చెవులు చిన్నవేం కావు మరి. విన్నదాన్ని ఒక్కతే దాచుకోలేదు. మధ్యాహ్నం మందిరం ఖాళీ అయ్యాక పాకలోని పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పేది. కోడిపిల్ల చిట్టి, మేకపిల్ల చెంగు, బాతుపిల్ల బుడుంగు, గేదెదూడ దిమ్మరి, పందిపిల్ల మచ్చి. ఈ అయిదుగురే ఆమె సండే స్కూలు.

ఏ పాఠమైనా ఇంటి సంగతితోనే మొదలుపెట్టేది.

"మా ముత్తవ్వకు ముత్తవ్వకు ముత్తవ్వ ప్రభువును వీపు మీద మోసిందర్రా. దారి పొడుగునా జనం బట్టలు పరిచారు, మట్టలు ఊపారు. అప్పుడామె ఏమనుకుందంటారు?"

"అబ్బో, నాకెంత మర్యాదో అనుకునుంటుంది," అన్నాడు చెంగు. నోరు ఖాళీగా ఉంటే వాడికి తోచదు.

"అలా అనుకునుంటే అక్కడే ఆగి దండలు వేయించుకునేది. ఆయన మాత్రం ఊరు చేరేవాడు కాదు. మోసేవాళ్లం మనం నాన్నా. వచ్చేది ఆయన."

క్రిస్మస్ నాలుగు రోజులుందనగా దీనమ్మ వెలుగు పాఠం ఎత్తుకుంది. ప్రభువు తానే లోకానికి వెలుగునని చెప్పాడనీ, ఆ వెలుగు వెంట నడిచేవాళ్లకు చీకట్లో తడుములాట ఉండదనీ చెప్పింది. పిల్లలు తలలూపారు. దిమ్మరి మాత్రం ఆవలించాడు.

"నోటితో చెబితే మీకు చెవి దాకానే వెళ్తుంది. చేత్తో చేస్తే గుండె దాకా వెళ్తుంది. రండి, నక్షత్రం చేద్దాం," అంది దీనమ్మ.

ఏటా చేసేదే. మందిరం పిల్లలు నక్షత్రాలు కట్టగా మిగిలిన వెదురుబద్దలు, పల్చటి రంగుకాగితాలు పాక పక్కన పడేసేవాళ్లు. వాటితో ఒక పెద్ద నక్షత్రం కట్టి, లోపల లాంతరు పెట్టి, వాకిట్లో గుంజకు వేలాడదీసేవాళ్లు. పండగ సాయంత్రం ఆ నక్షత్రం చుట్టూ తిరుగుతూ పాటలు పాడుకునేవాళ్లు. అది వెలిగితే వాకిలంతా పట్టపగల్లా ఉండేది. కాలవగట్టు మీద కాపురముండే నక్క జిత్తయ్య ఆ వెలుగు చూస్తే ఇటు అడుగు పెట్టేవాడు కాదు.

చిట్టి తల్లి ఎలిసమ్మ దిగులంతా ఆ జిత్తయ్య గురించే. పదకొండు గుడ్లు పొదిగితే పది పిల్లల్ని వాడే ఎత్తుకుపోయాడు. మిగిలింది చిట్టి ఒక్కతే.

"టీచరమ్మా, పాటలకు నా పిల్లను పంపలేనమ్మా. పొద్దు వాలాక వాకిట్లోకంటేనే నా గుండె జారిపోతోంది," అంది.

"నక్షత్రం వెలిగాకే పంపు ఎలిసమ్మా. వెలుగులో నీ పిల్లను ఎవడు ముట్టుకుంటాడో నేనూ చూస్తాను," అంది దీనమ్మ.

ఆ మాట మీదే తల్లి ఒప్పుకుంది.

బద్దలు కట్టారు. అయిదు కొమ్ములు, అయిదుగురు పిల్లలు. ఎవరి కొమ్ముకు వాళ్లే కాగితం అంటించాలి. ఎర్రది చిట్టికి, పచ్చది చెంగుకి, పసుపుది బుడుంగుకి, నీలంది దిమ్మరికి. రంగుకాగితాలు అంతటితో అయిపోయాయి.

"మంచిదేలే. మచ్చి ముక్కు తగిలితే నక్షత్రం కాస్తా బురదగుంట అవుతుంది. నాలుగు కొమ్ములు చాలు టీచరమ్మా," అన్నాడు చెంగు.

మచ్చి చెవులు వాల్చేసింది. దీనమ్మ గొంతు పెంచలేదు.

"నాలుగు కొమ్ములుంటే దాన్ని గాలిపటం అంటారు నాన్నా. గాలిపటం చూసి జ్ఞానులు బెత్లెహేముకు రాలేదు. మచ్చీ, నీ కాగితం నువ్వే వెతికి తెచ్చుకో తల్లీ. నీ కొమ్ము నీ కోసమే ఉంటుంది."

మచ్చి ఊరంతా తిరిగింది. చివరికి బజ్జీల బండి దగ్గర ఒక కాగితం దొరికింది. ఎవరో బడిపిల్లాడి నోటుబుక్కులోంచి చింపింది. తప్పుల తడకగా రాసిన ఏడో ఎక్కం, దాని మీద ఎర్రసిరాతో ఇంత పొడుగు అడ్డగీత. మిరపకాయ బజ్జీల నూనె పీల్చి పీల్చి అవతల ఏముందో ఇవతలికి కనిపిస్తోంది. మచ్చి దాన్ని జాగ్రత్తగా పళ్లతో పట్టుకొచ్చి తన కొమ్ముకు అంటించింది.

"ఛీ, కంపు!" అంది బుడుంగు.

"కంపు కాదు, ఉల్లిపాయ," అంది మచ్చి చిన్నగా.

పండగ ముందు రోజు దీనమ్మ నీళ్లకని కాలవకు వెళ్లింది. ఎలిసమ్మ వామి అవతల గింజలు ఏరుకుంటోంది. అంతవరకూ కాచుకుని ఉన్న జిత్తయ్య మెడ వంచి, తోక ముడిచి, వాకిట్లోకి వచ్చాడు. నక్క వినయాలు అని ఊరికే అనలేదు పెద్దలు.

"వందనాలర్రా పిల్లలూ, వందనాలు! భయపడకండి. నేను మారిపోయాను. మాంసం మానేశాను. రేగుపళ్లు తిని బతుకుతున్నాను."

"అందుకేనా అంత లావయ్యావు?" అన్నాడు దిమ్మరి.

"సంతోషం నాయనా, ఇది సంతోషపు లావు," అన్నాడు జిత్తయ్య. నక్షత్రం చుట్టూ ఒకసారి తిరిగి నాలుక చప్పరించాడు. "పాపం, ఎంత కష్టపడ్డారో! కానీ మందిరం పిల్లల నక్షత్రం చూశారా? దాని ముందు మీది వెలవెలపోతోంది. ప్రభువు పండక్కి వెలిసిపోయిన కాగితాలా? పక్కూళ్లో పెళ్లి పందిరికి కట్టిన వెండికాగితాలు తెచ్చాను. అద్దంలా మెరుస్తాయి. పైన అంటించండి. మీ టీచరమ్మ చూసి మూర్ఛపోవాలి!"

సంచి విప్పాడు. ఎండ ఆ కాగితాల మీద పడి పిల్లల మొహాల మీదికి చిమ్మింది. ఇంకేముంది, నలుగురూ ఎగబడ్డారు. చెంగు తన మొహాన్ని కాగితంలో చూసుకుని, లేని గడ్డం సవరించుకున్నాడు.

మచ్చి కూడా వచ్చి నిలబడింది. "నాకూ ఒకటివ్వవా మామా?"

సంచిలో ఇంకో కాగితం ఉంది. జిత్తయ్య దాన్ని చూశాడు, మచ్చిని చూశాడు, ఆ జిడ్డు కొమ్మును చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"నీకా? ఆ నూనె గుడ్డ మీద వెండి అంటిస్తే వెండికే మైల. దీని కొమ్ము వెనక్కి తిప్పి పెట్టుకోండర్రా, ఎవరూ చూడరు. ఈ మిగిలింది నేనే ఉంచుకుంటాను, మొహం చూసుకోవడానికి."

జిత్తులన్నీ సరిగ్గానే వేశాడు. ఒక్క చోట ఆ చిన్నచూపు వాడి తెలివికి అడ్డం పడింది.

పండగ మధ్యాహ్నం నక్షత్రాన్ని ఎండలో నిలబెట్టారు. నాలుగు కొమ్ములూ ధగధగలాడాయి. దీనమ్మ కళ్లకు అప్పటికే శుక్లాలు. ఆ మెరుపుకు కళ్లను నీళ్లు కమ్మాయి.

"ఎంత బాగా చేశారర్రా నా బంగారాలు!" అని అందరి తలలూ నాకింది. ఎక్కడిదీ కాగితం అని అడగాలని నోటి దాకా వచ్చింది. వాళ్ల సంతోషం చూసి మింగేసింది. మంచివాళ్లు చేసే తప్పులు అలాగే ఉంటాయి.

పొద్దు వాలింది. మందిరంలో గంట కొట్టే పెద్దాయన రోజూలాగే పాకలో లాంతరు వెలిగించి కొక్కేనికి తగిలించి వెళ్లాడు. దీనమ్మ దాన్ని పళ్లతో అందుకుని నక్షత్రంలో పెట్టింది. దిమ్మరి తాడు లాగాడు. నక్షత్రం గుంజ పైకి వెళ్లింది. లాంతరు పెట్టారుగా అనే నమ్మకంతో, "చిట్టీ, వెళ్లమ్మా, పాడుకో," అని ఎలిసమ్మ రెక్క ఎత్తింది.

పిల్లలు తలలెత్తి చూశారు.

వెలుగు లేదు.

పగలంతా కళ్లు చెదరగొట్టిన కొమ్ములు నాలుగు మసిగుడ్డల్లా వేలాడుతున్నాయి. పైన పటారం, లోన లొటారం అంటే అదే. వెండికాగితం లాంతరు వెలుగును లోపలే మూసిపెట్టేసింది. జిత్తయ్య చెప్పినట్టే అయిదో కొమ్మును వాకిటికి వీపు పెట్టి కట్టారు. దానిలోంచి వచ్చిన కాస్త వెలుగూ మందిరం గోడ మీద పడుతోంది. వాకిలంతా కటిక చీకటి.

"టీచరమ్మా, దీపం ఆరిపోయింది!" అని ఏడిచింది బుడుంగు.

గడ్డివామి దగ్గర గడ్డి కదిలిన చప్పుడైంది.

"చిట్టీ! ఎక్కడున్నావే? పలకవే!" ఎలిసమ్మ గొంతు చీలిపోయింది.

"ఇక్కడే అమ్మా," అంది చిట్టి. ఆ ఇక్కడ ఎక్కడో తల్లికి కనిపించలేదు. జిత్తయ్యకు మాత్రం వినిపించింది. గడ్డి చప్పుడు ఆ గొంతు వైపు జరిగింది.

అప్పుడు మచ్చి అరిచింది. "ఆరిపోలేదు టీచరమ్మా! గోడ మీద చూడండి, నా ఎక్కం!"

నిజమే. మందిరం గోడ మీద పసుపుపచ్చటి వెలుగు, దాని నడుమ నీడగా ఆ పొడుగాటి అడ్డగీత. దీనమ్మకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. తాడు పళ్లతో అందుకుని గుంజ చుట్టూ పరుగు పెట్టింది. ఆ నడుంతో ఎలా పరిగెత్తిందో ఆ ప్రభువుకే తెలియాలి. నక్షత్రం గిర్రున తిరిగింది. అయిదో కొమ్ములోంచి వెలుగు బయటికి దూకి గోడ దాటింది, పాక దాటింది, వాకిలి ఊడ్చుకుంటూ వచ్చి గడ్డివామి దగ్గర ఆగింది.

అక్కడ రెండు కళ్లు నిప్పుల్లా మెరిశాయి. కళ్ల కింద తెరిచిన నోరు. నోటికి జానెడు దూరంలో చిట్టి.

"అమ్మ జిత్తిగా! రేగుపళ్లు తింటున్నావా?" అంటూ దిమ్మరి ఎగిరి దూకాడు. వాడి నాలుగు కాళ్లలో ఒకటి సరిగ్గా జిత్తయ్య తోక మీద పడింది. నక్క తోక తొక్కితే అదృష్టం కలిసొస్తుందంటారు, ఆ అదృష్టం చిట్టిది. ఎలిసమ్మ వచ్చి పిల్లను రెక్కలోకి లాక్కుంది. తాడు వదిలి వచ్చిన దీనమ్మ వెనక్కి తిరిగి, ఇరవై ఏళ్లుగా ఎవరినీ తన్నని కాలితో ఒక్కటిచ్చింది.

"వందనాలు జిత్తయ్యా," అంది మెత్తగా.

జిత్తయ్య సగం తోక వెంట్రుకలు దిమ్మరి గిట్ట కింద వదిలేసి గట్టెక్కి పారిపోయాడు. కంగారులో మొహం చూసుకునే వెండికాగితం కూడా పడేసుకున్నాడు.

చిట్టి గుండె కొట్టుకోవడం తల్లి ఈకల్లోంచి వినిపిస్తోంది.

"తప్పు మాది టీచరమ్మా. నక్కిచ్చిన కాగితం అంటించాం. మీకు చెప్పలేదు," అన్నాడు చెంగు.

"అడగని తప్పు నాది," అంది దీనమ్మ. "ఎలిసమ్మా, మాటిచ్చి నీ పిల్లను చీకట్లోకి రప్పించాను. క్షమించు తల్లీ." తరువాత పిల్లల వైపు తిరిగింది. "దించండి నక్షత్రాన్ని. వెండి ఊడదీద్దాం."

వెండికాగితం కింద మైదా జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ పని చెంగు తీసుకున్నాడు. కాగితం ఊడదీయడం ఒక వంతు, జిగురు నాకడం మూడు వంతులు. పని మాత్రం క్షణాల్లో అయిపోయింది. కింద రంగుకాగితాలు కాస్త నలిగాయి గానీ బాగానే ఉన్నాయి.

"అయిదో కొమ్ము ఎటు పెడదాం?" అని అడిగింది బుడుంగు. మచ్చి తల వంచుకుంది.

"వాకిట్లోకే. అందరికంటే ముందు," అన్నాడు చెంగు. ఆ మాట వాడే అన్నాడు, ఎవరూ అనిపించలేదు.

నక్షత్రం మళ్లీ పైకి వెళ్లింది. ఎర్రగా, పచ్చగా, పసుపుగా, నీలంగా వెలుగు వాకిట్లోకి దిగింది. నడిమధ్యన, నూనెకాగితంలోంచి, మిగతా అన్నిటికంటే తెల్లగా. తప్పుల ఎక్కం పిల్లల కాళ్ల దగ్గర పరుచుకుంది.

"టీచరమ్మా, వెలుగు నాది కాదు గదా?" అని అడిగింది మచ్చి.

"కాదు తల్లీ. అది లాంతరుది. నువ్వు దానికి అడ్డం రాలేదు, అంతే. మా ముత్తవ్వ చేసిందీ అంతే."

ఎలిసమ్మ రెక్క ఎత్తింది. చిట్టి బయటికి వచ్చి, మచ్చి పక్కన నిలబడి పాట ఎత్తుకుంది. గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. తరువాత అందరూ అందుకున్నారు. దీనమ్మ కూడా పాడింది. గాడిద పాట గాడిద పాటే, కానీ ఆ సాయంత్రం ఎవరూ చెవులు మూసుకోలేదు.

గట్టు మీద జిత్తయ్య తోక నాక్కుంటూ ఆ వెలుగును చూసి మొహం తిప్పుకున్నాడు.

దీనమ్మ పోయి చాలా కాలమైంది. ఆ పాక వాళ్లు మాత్రం ఇప్పటికీ నక్షత్రం కట్టేటప్పుడు అయిదో కొమ్ముకు నూనెకాగితమే అంటిస్తారు, పిల్లలకు ఈ కథ చెప్పి.

నీతి: మెరిసేది తనను చూపించుకుంటుంది, వెలుగుకు దారిచ్చేది పక్కవాడికి దారి చూపిస్తుంది.