అవ్వా, కొంచెం జరుగు

అనగా అనగా... ఎప్పుడని మాత్రం అడగొద్దు. నాకు మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది. ఆ పై అవ్వను అడుగుదామంటే ఆమె ఇప్పుడు లేదు. మీరు ఊ కొడుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను. ఊ కొట్టడం ఆపితే మీరు నిద్రపోయారనుకుని నేనూ పడుకుంటాను.

బోడిగుట్ట అని ఒక గుట్ట ఉండేది. దాని మీద చెట్టు లేదు, పొద లేదు, గడ్డిపరక లేదు. గుట్ట మీద ఒక పాలెగాడి కోట, గుట్ట కింద ఒక పల్లె. కోటకూ పల్లెకూ నడుమ ఒక నల్లటి బండ. దాన్ని ఎండబండ అనేవాళ్లు. పాలెగాడికి ఎవరి మీద కోపం వచ్చినా వాళ్లను ఆ బండ ఎక్కించేవాడు. ఉత్త కాళ్లతో, ఉత్త తలతో, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా నిలబడాలి. ఆ పాలెగాడి పేరేమిటంటారా? మా అవ్వకూ తెలియదు.

ఎవరినైనా బండ ఎక్కించినప్పుడు బంటు వచ్చి తప్పెట కొట్టి చెప్పేవాడు. బండ మీది మనిషికి అన్నం పెట్టకూడదు. నీళ్లు పోయకూడదు. పలకరించకూడదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేసినా, చేసినవాళ్లు రేపు బండ ఎక్కాలి.

ఆ పల్లెలో గిడ్డవ్వ అని ఒక ముసలావిడ. ఈతాకు తెచ్చి పొరకలు కట్టి ఇంటింటికీ తిరిగి అమ్మేది. పొరక అంటే చీపురే, మా వైపు మాట. మనిషి ఎంత పొట్టి అంటే, నెత్తిన పొరకల మోపు పెట్టుకుని వస్తుంటే మోపే నడిచి వస్తున్నట్టుండేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. గుండె మాత్రం పిరికిది. కోట వైపు నుంచి గుర్రం సకిలిస్తే చాలు, చేతిలో పొరక కింద పడేసేది.

మొదటిసారి బండ ఎక్కినవాడు గొర్రెలు కాసే మల్లప్ప. అతని గొర్రెలు పాలెగాడి జొన్న చేలో పడ్డాయి. రెండు దినాలు నిలబెట్టారు. ఆ ఎండకు, ఆ బండ మీది తళతళకు అతని కళ్లు పోయాయి. ఆ రెండు దినాలూ గిడ్డవ్వ తలుపు వేసుకుని పొరకలు కట్టుకుంది.

రెండోసారి ఎక్కినవాడు మగ్గం ఎంగన్న. పాలెగాడు వీధిలో పోతుంటే తెగిన నూలుపోగు అతికించుకుంటూ చూసుకోలేదు, తలపాగా తీయలేదు. ఈ ఎంగన్న ఏటా గిడ్డవ్వకు ఒక చీర నేసి ఇచ్చేవాడు. ఏడాది పొడుగునా ఆమె వాళ్ల ఇంటికి పొరకలు ఇచ్చేది. ఆ రోజు గిడ్డవ్వ బండ పక్కనుంచే పోవలసి వచ్చింది. ఎంగన్న ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుని, అడుగు జోరు పెంచి పోయింది. సాయంత్రానికి ఎంగన్న చనిపోయాడు.

ఆ తర్వాత ఎంగన్న నేసిన చీర కట్టుకున్నప్పుడల్లా గిడ్డవ్వకు ఒళ్లు బరువెక్కేది. విప్పి పడేద్దామంటే ఆమెకున్న మంచి చీర అదొక్కటే.

మూడోసారి బండ ఎక్కింది తిప్పక్క. ఊ కొట్టండి మరి.

రోహిణీ కార్తె నడుస్తోంది. తిప్పక్కకు ఏడో నెల. మొగుడు ఉప్పు బండ్లతో దూరదేశం పోయాడు. వంక ఎండిపోయింది. పాలెగాడి గుర్రాలు తాగే చెలమలో తప్ప పల్లెలో ఎక్కడా నీళ్లు లేవు. తిప్పక్క ఆ చెలమలో ఒక్క కడవ ముంచింది. అంతే, అదీ ఆమె చేసిన తప్పు. తెల్లవారేసరికి బండ ఎక్కించారు. కడుపుతో ఉన్న మనిషి ఆ ఎండలో సాయంత్రం దాకా బతకదని పల్లెలో అందరికీ తెలుసు. అందరూ తలుపులు వేసుకున్నారు. వాళ్లను తిట్టకండి. వాళ్లూ మంచివాళ్లే. తలుపు వెనక నిలబడి ఏడ్చారు కూడా.

గిడ్డవ్వ మోపు నెత్తిన పెట్టుకుని పక్క ఊరికి బయలుదేరింది. ఒంటి మీద ఎంగన్న నేసిన చీర ఉంది. బండ దాకా వచ్చి తల దించుకుంది. పొద్దు తూర్పున బారెడు ఎక్కింది. గిడ్డవ్వ తూర్పు పక్కగా పోతుంటే ఆమె నీడ పోయి బండ మీద పడింది. బండ అప్పటికే కాలుతోంది. తిప్పక్క చెయ్యి చాచలేదు. మెల్లగా ఒక కాలు జరిపి ఆ నీడలో పెట్టింది.

తల దించుకుని ఉంది కాబట్టి గిడ్డవ్వ అది చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది. నీడ కూడా పోయింది. ఆ కాలు మళ్లీ ఎండలో పడింది. గిడ్డవ్వ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. కాలు నీడలోకి వచ్చింది.

ఇంక ఆమె అక్కడి నుంచి కదలలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. మోపు జారిపోయినట్టుగా తిప్పక్క కాళ్ల దగ్గర వదిలింది. తిప్పక్క ఆ పచ్చి ఈతాకు పొరకల మీదికి ఎక్కి నిలబడింది. గిడ్డవ్వ నీడ తిప్పక్క కడుపు దాకా వచ్చింది.

కాపలా ఉన్న బంటు ఓబన్న వచ్చాడు. పోవమ్మా పొమ్మని గదిమాడు. గిడ్డవ్వ చోటు వదలకుండా అడిగింది.

"అన్నం పెట్టినానా అబ్బీ?"

"లేదు."

"నీళ్లు పోసినానా?"

"లేదు."

"ఆ యమ్మిని పలకరించినానా?"

"లేదు."

"మరింకేంది? నా కాళ్లు నొప్పి పుట్టినాయి, నిలబడినా."

ఓబన్న తల గోక్కున్నాడు. నిలబడకూడదని తప్పెటలో లేదు. కోటలోకి పోయి పాలెగాడిని అడిగాడు. ఎంతమంది అని పాలెగాడు అడిగితే, ఒక్క ముసల్ది అన్నాడు. పాలెగాడు నవ్వి, అదీ మాడనీ అన్నాడు.

పొద్దు ఎక్కుతోంది. పొద్దు ఎక్కేకొద్దీ నీడ కిందికి జారుతుంది కదా. తిప్పక్క కడుపు మీది నుంచి తొడలకు జారింది, తొడల నుంచి మోకాళ్లకు జారింది. తిప్పక్క కళ్లు మూతలు పడుతున్నాయి. గిడ్డవ్వ మునివేళ్ల మీద లేచింది. అయినా చాలలేదు. పొట్టి మనిషి ఎంత లేచినా ఎంత?

అప్పుడు ఆమె పల్లె వైపు తిరిగింది. దగ్గరలో కమ్మరి వీరన్న కొలిమి ఉంది. ఆ పల్లెలో అందరికంటే పొడుగు మనిషి వీరన్నే.

"వీరన్నా, నా నీడ పొట్టిది. ఈ యమ్మికి మోకాళ్లకే వస్తాంది, తల మాడతాంది. నీ నీడ పొడుగు కదా, రవ్వంత ఇట్ల తీసుకురా నాయనా."

వీరన్న విన్నాడు. తల దించుకుని సుత్తి ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు.

ఓబన్న తల్లి సాలమ్మ కిటికీలోంచి చూస్తోంది. గిడ్డవ్వ ఆమెను పిలిచింది. కొడుకు కొలువు పోతుందని సాలమ్మ కిటికీ మూసేసింది.

మూడోసారి గిడ్డవ్వ పేరు పెట్టి ఎవరినీ పిలవలేదు. నా నీడ చాలడంలేదయ్యా, ఎవురన్నా రాండి అని మాత్రం అంది.

వీధి చివర కర్ర తట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. కళ్లు పోయిన మల్లప్ప వస్తున్నాడు. తలుపు సందుల్లోంచి అందరూ చూస్తున్నారు. అతను బండ దాకా వచ్చాడు.

"అవ్వా, కొంచెం జరుగు," అన్నాడు. "పొద్దు ఏ పక్కనుండాదో నువ్వే చెప్పాల. నాకు కనపడదు."

గిడ్డవ్వ జరిగింది. అతని భుజం పట్టుకుని తూర్పుకు వీపు తిప్పి నిలబెట్టింది. మల్లప్ప నీడ తిప్పక్క నడుము దాకా వచ్చింది. గిడ్డవ్వకు ఏడుపు ఆగలేదు. నువ్వు నిలబడిన రెండు దినాలూ నేను తలుపు తీయలేదే మల్లప్పా అంది. మల్లప్ప, తెలుసవ్వా, అన్నాడు. ఈ యమ్మికి మన ఊళ్లో నీడ దొరకనీ, అదే చాలు అన్నాడు.

కొలిమి దగ్గర సుత్తి చప్పుడు ఆగింది. వీరన్న వచ్చాడు. ఎవరి ముఖం చూడకుండా, "అవ్వా, కొంచెం జరుగు," అన్నాడు. గిడ్డవ్వ జరిగింది. వీరన్న నీడ తిప్పక్క తల దాకా వచ్చింది. పొద్దున్నుంచి ఆ తలకు నీడ తగలడం అదే మొదలు.

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు తెరుచుకుంది. ఓబన్న మళ్లీ కోటలోకి పరుగెత్తాడు. ఎంతమంది అంటే, పదిమంది అన్నాడు. పాలెగాడు భోజనానికి కూర్చుంటున్నాడు. వాళ్లనూ మాడనీ అన్నాడు, ఈసారి నవ్వలేదు.

అంతలో మిట్టమధ్యాహ్నం అయింది. ఇక్కడే చిక్కు వచ్చింది. నడినెత్తిన పొద్దు ఉంటే ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందే ఉంటుంది. పొట్టివాళ్లదీ అంతే, పొడుగువాళ్లదీ అంతే. పదిమంది నిలబడ్డా తిప్పక్క తల మీద ఎండ పడుతోంది. ఆమె ఊగిపోతోంది.

గిడ్డవ్వ చూసింది. ఎంగన్న నేసిన చీర కొంగు విప్పి రెండు చేతులా పైకెత్తింది. అందలేదు. వీరన్న ఆ కొంగు అందుకుని పట్టుకున్నాడు. తన తలపాగా విప్పి దానికి ముడి వేశాడు. మల్లప్ప గొంగడి ఇచ్చాడు. మగవాళ్లు తలపాగాలు విప్పారు, ఆడవాళ్లు కొంగులు పట్టారు. ముడికి ముడి వేసి నలుదిక్కులా నిలబడి ఎత్తి పట్టుకున్నారు. చెట్టు లేని గుట్ట కింద అంత నీడ ఎప్పుడూ లేదు. మిగిలిన తలుపులు కూడా తెరుచుకున్నాయి. వచ్చిన ప్రతివాళ్లూ ఆ మాటే అన్నారు. అవ్వా, కొంచెం జరుగు. గిడ్డవ్వ జరిగి జరిగి చివరికి తిప్పక్క పక్కనే వచ్చి పడింది.

ఓబన్న మూడోసారి కోటలోకి పోయాడు. ఎంతమంది అని పాలెగాడు అడిగాడు. ఊరంతా అన్నాడు ఓబన్న.

పాలెగాడు తింటున్న చెయ్యి కడిగి బయటికి వచ్చాడు. వెనక బంట్లు వచ్చారు, ఒకడు పెద్ద గొడుగు పట్టుకుని వచ్చాడు. పాలెగాడు ఆ గుడ్డల పందిరి చూశాడు. కొట్టండి అన్నాడు.

ఓబన్న కొరడా ఎత్తాడు. ఎదురుగా కొంగు కొస పట్టుకుని నిలబడిన మనిషి అతని తల్లి సాలమ్మే.

"అబ్బీ, చేతులు లాగుతాండాయి," అంది సాలమ్మ. "అది ఆడ పెట్టి, ఈ కొస పట్టుకో."

ఓబన్న తల్లిని చూశాడు, పాలెగాడిని చూశాడు, బండ మీది పిల్లను చూశాడు. కొరడా కింద పెట్టాడు. "అమ్మా, కొంచెం జరుగు," అని కొస పట్టుకున్నాడు. మిగతా బంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లూ అమ్మలు ఉన్నవాళ్లే. అందరూ పల్లె బిడ్డలే. పోయి పందిరి కింద చేరారు.

పాలెగాడు వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. అప్పటికే గొడుగు పట్టినవాడు కదిలాడు. పందిరికి ఒక మూల గుడ్డ చాలక ఎండ పడుతోంది. అతను నడిచిపోయి ఆ మూలకు గొడుగు పట్టాడు. ఇంక బోడిగుట్ట కింద ఎండలో నిలబడిన మనిషి పాలెగాడు ఒక్కడే. ఎంతసేపు నిలబడ్డాడు? నేను ఒకటి, రెండు, మూడు అనేంత సేపు. తల చుర్రుమంది. చెయ్యి తల మీద పెట్టుకుని కోటలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మళ్లీ ఆ బండ మీద ఎవరినీ నిలబెట్టలేదు. నిలబెట్టమన్నా నిలబెట్టేవాళ్లు లేరు.

తలుపు మూసిన చప్పుడు విన్నాక గిడ్డవ్వ తిప్పక్క వైపు తిరిగింది. పొద్దున్నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

"కూచో తల్లీ," అంది. "ఇన్నేళ్లు పట్టింది నాకు, రావడానికి."

"వస్తివి కదవ్వా," అంది తిప్పక్క. గిడ్డవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఓబన్న గుర్రాల చెలమ నుంచే కడవ నిండా నీళ్లు తెచ్చాడు. రెండు నెలలకు తిప్పక్క ఆడపిల్లను కన్నది. పేరు ఏం పెట్టిందో మీకు చెప్పాలా?

తన పేరే పెట్టుకున్న ఆ పిల్లతో అవ్వా అని పిలిపించుకుంటూ గిడ్డవ్వ ఇంకా కొన్నేళ్లు బతికింది. గుర్రం సకిలిస్తే పొరక కింద పడేయడం మాత్రం మానలేదు. ఒక ఎండాకాలంలో, పొరకలు కడుతూ కడుతూనే పోయింది. మధ్యాహ్నం వేళ తీసుకుపోయారు. పాడె మీద పసిబిడ్డంత ఉంది. ఎవరూ చెప్పకుండానే మగవాళ్లు తలపాగాలు విప్పారు, ఆడవాళ్లు కొంగులు పట్టారు. ఇంటి దగ్గర నుంచి గుంత దాకా ఆమె మీద ఎండ పడనివ్వలేదు. తిప్పక్క కూతురు అప్పటికి చిన్నది. చేతులు పైకి అందలేదు. పాడె పక్కనే నడుస్తూ, "అవ్వా, కొంచెం జరుగు," అంది. ఊరంతా నిలబడిపోయి ఏడ్చింది.

ఇప్పుడు ఆ కోట లేదు. రాళ్లు తీసుకుపోయి పశువుల కొట్టాలు కట్టుకున్నారు. బండ ఉంది. రోహిణీ కార్తె వచ్చిన రోజు దాని మీద ఒక కొత్త పొరక పెడతారు. ఆ పల్లెలో ఇంటికో గిడ్డయ్యో గిడ్డమ్మో ఉంటారు. పొట్టివాళ్లను చూసి ఎవరూ నవ్వరు.

ఇంకొకటి ఉంది. ఆ పక్క ఊళ్లలో ఈనాటికీ ఎవరినైనా నలుగురు చేరి గదమాయిస్తుంటే, ఆ మనిషి ఒంటరిగా నిలబడి ఉంటే, దారిన పోయేవాళ్లు చేతిలో పని దించి దగ్గరికి పోతారు. పోట్లాడరు. ముందు పక్కన నిలబడతారు. నిలబడే ముందు, "అవ్వా, కొంచెం జరుగు," అంటారు. అక్కడ ఏ అవ్వా ఉండదు. అయినా ఎండ వచ్చే పక్కన, ఒక పొట్టి మనిషి పట్టేంత చోటు వదిలిపెట్టి నిలబడతారు.